ఈ నల్ల బట్టకి బలం ఏ వైపు?

మన పార్కింగ్‌లో ఒక రౌండు వేస్తే చాలు. బైక్ ట్యాంకు మీద, హెల్మెట్ మీద, ఫోన్ వెనక కవరు మీద, చివరికి పవర్ బ్యాంకు మీద కూడా అదే నల్ల గళ్ల డిజైను. చాలావరకు అది ప్లాస్టిక్ స్టిక్కరే. దాంతో నాకేం గొడవ లేదు, నల్లగా మెరిసేది ఎవరికి నచ్చదు? నా గొడవంతా ఆ డిజైనుతో పాటు వచ్చే ఒక వాక్యంతో. "కార్బన్ ఫైబర్ అంటే స్టీల్ కంటే ఐదు రెట్లు బలం, బరువు ఐదో వంతు." యూట్యూబ్‌లో ఇదే వింటాం, సెమినార్ స్లైడులో ఇదే చూస్తాం, టెక్ ఫెస్ట్ స్టాల్ దగ్గర సీనియర్ ఇదే చెప్తే తలూపి ముందుకెళ్తాం.

ఏ స్టీల్ కంటే? ఏ వైపు లాగితే? అసలు లాగితేనా, నొక్కితేనా? ఈ మూడూ చెప్పకుండా 'బలం' అనడం ఆర్గ్యుమెంట్లు ఇవ్వకుండా ఫంక్షన్‌ని కాల్ చేసినట్టు. పైథాన్ అయితే అక్కడే ఎర్రర్ కొడుతుంది. మనం మాత్రం చప్పట్లు కొడతాం.

నేను సీఎస్ఈ. మెటీరియల్స్ నా సిలబస్‌లోనే లేవు. "నీకెందుకు బాబూ ఈ గోల" అని మెకానికల్ మిత్రులు అడగొచ్చు. ఎందుకో కాస్త కిందికి వెళ్లాక చెప్తాను. ముందు ఆ వస్తువు సంగతి చూద్దాం.

కార్బన్ ఫైబర్ అనగానే ఒక గట్టి నల్ల పలక గుర్తొస్తుంది కదా. అది మొదట దారం, తర్వాత బట్ట, ఆ తర్వాతే పలక. ఎక్కువ భాగం దీని ముడిసరుకు పాలీఅక్రిలోనైట్రైల్, పొట్టిగా ప్యాన్. స్వెట్టర్లు అల్లే అక్రిలిక్ ఊలుకి ఇది దగ్గరి చుట్టం. ఈ తెల్ల దారాన్ని బిగదీసి పట్టుకుని, మామూలు గాలిలో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర నెమ్మదిగా కాలుస్తారు. ఇక్కడ తొందరపడితే దారం అంటుకుపోతుంది. తెలుపు పసుపవుతుంది, గోధుమరంగు అవుతుంది, నల్లబడుతుంది. ఆ తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలోకి, నైట్రోజన్ మధ్యలోకి పంపి 1000 డిగ్రీలు దాటిస్తారు. కార్బన్ కానిది దాదాపు అంతా వాయువై పోతుంది. మొదటి దారం బరువులో సుమారు సగం ఈ ప్రయాణంలోనే ఖర్చయిపోతుంది. మిగిలిన పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుకలో పదో వంతు. అలాంటి పోగులు 3000, 12000, 24000 చొప్పున కలిపి ఒక కట్టగా చుడతారు.

దారాన్ని కాల్చి కార్బన్ చేయడం మరీ కొత్త ఆలోచనేం కాదు. 1879లో ఎడిసన్ బల్బులో వెలిగింది కాల్చిన నూలు దారమే. కానీ ఆయనకి వెలుగు కావాలి, బలం కాదు. బలం సంగతి 1958లో అమెరికాలో రోజర్ బేకన్ గ్రాఫైట్ పోగుల్ని కొలిచాక మొదలైంది. ఆ వెంటనే జపాన్‌లో అకియో షిండో ప్యాన్ దారి పట్టుకున్నాడు, 1960లలో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో శాస్త్రవేత్తలు దాన్ని నిజంగా బలమైన పోగుగా మార్చారు. జపాన్ కంపెనీ టోరే 1971లో అమ్మకానికి తెచ్చింది. మొదటి కొనుగోలుదారుల్లో రాకెట్లవాళ్ల కంటే చేపలు పట్టే గాలపు కర్రలు, గోల్ఫ్ కర్రలు చేసేవాళ్లే ముందున్నారు.

నాకు నచ్చిన భాగం ఇప్పుడు వస్తోంది. కాల్చిన పోగు ఊరికే ఉంచితే నలిగి నూగు లేస్తుంది, మగ్గం మీద తెగుతుంది. అందుకని దానికి పల్చటి పూత ఒకటి పూస్తారు. ఇంగ్లీషులో సైజింగ్ అంటారు. ఆ మాట పేపర్లో చదివితే నాకు 'సైజు' గుర్తొచ్చింది, అర్థం మాత్రం రాలేదు. చీరాల వైపు ఎవరినైనా అడగండి, పడుగుకి గంజి పెట్టడం అంటారు. అంతే, అదే పని! నేతలో నూలుకి గంజి ఎందుకో, ఇక్కడ కార్బన్‌కి ఆ పూత అందుకే. పైగా తర్వాత పోసే రెసిన్ పోగుకి బాగా పట్టుకోవడానికి కూడా. ఇంగ్లీషు మీడియంలో వార్ప్, వెఫ్ట్ అని డెఫినిషన్ బట్టీ పట్టినవాళ్లకి పడుగు, పేక అనగానే మగ్గం మొత్తం కళ్ల ముందు నిలబడుతుంది. నిలువు దారాలు బిగువుగా, అడ్డ దారాలు వాటి మీదుగా కిందుగా. స్టిక్కరు మీద కనిపించే ఆ వాలు గళ్లు ఉన్నాయి చూశారా, అవి ట్విల్ నేత. మీ జీన్స్ ప్యాంటు మీద ఉన్నదీ అదే.

కాబట్టి కార్బన్ ఫైబర్‌ని లోహంలా కాకుండా బట్టలా చూడమని నా మనవి. బట్ట గురించి మన ఇళ్లలో తెలిసినంత మన ల్యాబుల్లో తెలియదు. టైలర్ దగ్గర 'క్రాస్ కట్ జాకెట్టు' అంటే ఏమిటో మీ అమ్మగారికి తెలుసు. బట్టని నిలువుగా కాకుండా ఏటవాలుగా కత్తిరిస్తే అదే గుడ్డ సాగుతుంది, ఒంటికి అమరుతుంది. గుడ్డ మారలేదు, దారం మారలేదు, మారింది దిశ ఒక్కటే. కాంపోజిట్స్ పుస్తకంలో మొదటి నాలుగు చాప్టర్లు చెప్పేది, నిజం చెప్పాలంటే, ఇదే సంగతిని మాట్రిక్సుల్లో.

ఇప్పుడు లెక్కలు. టోరే వాళ్ల టీ700 అనే పోగు వట్టిగా లాగితే దాదాపు 4900 మెగాపాస్కల్‌లు ఓర్చుకుంటుంది. స్లైడ్ల మీద మెరిసేది ఈ అంకే. కానీ వట్టి పోగుతో ఎవరూ ఏమీ కట్టరు. రెసిన్‌తో కలిపి, పోగులన్నీ ఒకే వైపు పరిచి పలక చేస్తే పోగు దిశలో అది సుమారు 2500కి దిగుతుంది. అదే పలకని నొక్కితే 1500కి కాస్త అటూ ఇటూ. అదే పలకని పోగులకి అడ్డంగా లాగితే? దాదాపు 70. మళ్లీ చదవండి, డెబ్బై. అడ్డంగా లాగినప్పుడు పోగులు పనిచేయవు, వాటి మధ్యనున్న జిగురే భారమంతా మోస్తుంది. వెదురుబద్దని నిలువునా చీల్చడం చిన్నపిల్లలకీ తెలుసు, అడ్డంగా విరవడానికి మాత్రం మోకాలు కావాలి. ఇదీ అంతే.

అటు స్టీల్ వైపు చూస్తే, బిల్డింగుల్లో వాడేదాని పోటీ వేరు, మారేజింగ్ స్టీల్ పోటీ వేరు. మన హైదరాబాద్ మిధానీ తయారుచేసే మారేజింగ్ స్టీల్ 1700 మెగాపాస్కల్‌లు దాటుతుంది, అదీ ఏ వైపు లాగినా ఇంచుమించు అంతే. పీఎస్ఎల్‌వీ మొదటి దశ మోటారు కేసింగ్ దాంతోనే చేశారు. ఇప్పుడు 'ఐదు రెట్లు' ఎక్కడికి పోయింది?

అడ్డం బలహీనం కదా అని పొరల్ని నాలుగు దిక్కులా తిప్పి పరుస్తారు. సున్నా, తొంభై, ప్లస్ నలభై ఐదు, మైనస్ నలభై ఐదు డిగ్రీలు. అప్పుడు ఏ వైపు లాగినా ఒకేలా ఉంటుంది. బాగుంది కానీ దాని మూల్యం ఉంది. గట్టిదనం దాదాపు 50 గిగాపాస్కల్‌లకి పడిపోతుంది, అల్యూమినియంకి 70. సాంద్రత 1.6, అల్యూమినియంకి 2.7. భాగిస్తే బరువుకి తగ్గ గట్టిదనంలో కార్బన్ పలకకి వచ్చే లాభం సుమారు ఐదో వంతు. ఐదు రెట్లు కాదండీ, ఐదో వంతు. దీన్నే ఈ రంగంలో 'బ్లాక్ అల్యూమినియం' అని ఎగతాళి చేస్తారు. లోహపు డిజైన్ తీసుకుని, లోహం తీసేసి, నల్లది పెట్టేయడం అన్నమాట. డబ్బు కార్బన్‌ది, ఫలితం అల్యూమినియంది.

భారం ఏ వైపు వస్తుందో ముందే తెలుసుకుని పోగుల్ని అటు పరిచినవాడికే ఈ పదార్థం తన అసలు విలువ ఇస్తుంది. మిగతావాళ్లకి స్టిక్కరు.

ఈ మాటకి చరిత్రలో పెద్ద ఖరీదు కట్టినవాళ్లున్నారు. 1960ల చివర్లో రోల్స్ రాయిస్ కంపెనీ తన ఆర్‌బీ211 జెట్ ఇంజను ముందు ఫ్యాన్ బ్లేడ్లని కార్బన్ ఫైబర్‌తో చేయాలనుకుంది. హైఫిల్ అని పేరు పెట్టారు. తిరిగే బ్లేడు బయటికి విసిరేసే లాగుడుని పోగు హాయిగా తట్టుకుంటుంది, ఎందుకంటే ఆ లాగుడు పోగు దిశలోనే ఉంటుంది. కానీ ఎగిరే విమానానికి పక్షులు అడ్డొస్తాయి, పక్షి పోగు దిశ చూసుకుని రాదు. 1970లో చచ్చిన కోడిని ఇంజనులోకి పేల్చి చేసే పరీక్షలో ఆ బ్లేడ్లు ముక్కలయ్యాయి. చివరికి టైటానియంకి మారారు. 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది, బ్రిటిష్ ప్రభుత్వం జాతీయం చేయాల్సి వచ్చింది. ఒక్క బ్లేడ్ల వల్లే అని చెప్పడం అన్యాయం, ఇంజను ఖర్చు అన్ని వైపులా పెరిగిపోయింది. అయినా ఆ కథలో ఆ బ్లేడ్ల పాత్ర చిన్నది కాదు.

అలాగని కార్బన్ ఫ్యాన్ బ్లేడు అసాధ్యమా? కాదు. 1995లో బోయింగ్ 777 మీద ఎగిరిన జీఈ90 ఇంజను బ్లేడ్లు కార్బన్ ఫైబర్‌వే. ముందు అంచుకి టైటానియం తొడుగు వేశారు. దెబ్బ తగిలే చోట లోహం, లాగుడు ఉన్న చోట పోగు. ఆ చిన్న తొడుగు దాకా రావడానికి పరిశ్రమకి పాతికేళ్లు పట్టింది.

రేసు కార్లది ఇంకో కథ. 1981లో జాన్ బర్నార్డ్ డిజైన్ చేసిన మెక్‌లారెన్ ఎంపీ4/1 ఫార్ములా వన్‌లో మొదటి కార్బన్ ఫైబర్ ఛాసీ. గుద్దుకుంటే పొడి పొడి అయిపోతుందని చాలామంది పెదవి విరిచారు. అదే ఏడాది మోంజాలో జాన్ వాట్సన్ కారు గోడకి కొట్టుకుని రెండుగా విడిపోయింది, ఇంజను ఊడిపోయింది. వాట్సన్ మాత్రం దిగి నడుచుకుంటూ వచ్చేశాడు. ఛాసీ చేసిచ్చింది అమెరికాలో రాకెట్ మోటార్లు చేసే హెర్క్యులస్ కంపెనీ. కోడి దెబ్బకి ముక్కలైన బ్లేడుకీ, మనిషిని కాపాడిన ఈ పెట్టెకీ మూలపదార్థం ఒకటే. తేడా పొరల అమరికలో ఉంది, ఆ పని తెలిసిన చేతుల్లో ఉంది.

ఇక టైటాన్. 2023 జూన్ 18న టైటానిక్ శకలాల్ని చూడ్డానికి ఐదుగురితో దిగిన జలాంతర్వాహనం. ఆ లోతు దాదాపు 3800 మీటర్లు. అక్కడ ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 380 కిలోల బరువు పడుతుంది. దాని మధ్య భాగం కార్బన్ ఫైబర్ గొట్టం, రెండు చివర్లా టైటానియం మూతలు. ఐదుగురూ పోయారు. అప్పట్లో మనమంతా మీమ్స్ షేర్ చేసుకుని, వీడియో గేమ్ కంట్రోలర్ గురించి నవ్వుకుని వదిలేశాం. నవ్వాల్సిందీ ఏడవాల్సిందీ కంట్రోలర్ గురించి కాదు.

పైన చెప్పిన లెక్క గుర్తుందా, లాగితే 2500, నొక్కితే 1500. దారం స్వభావమే అంత. లాగితే నిలబడుతుంది, నెడితే వంగుతుంది. నొక్కుడులో పోగుని నిటారుగా నిలబెట్టేది చుట్టూ ఉన్న రెసిన్. పోగు ఎక్కడైనా కాస్త ముడతపడి ఉంటే, లేదా రెసిన్‌లో గాలి బుడగ ఉంటే, అది అక్కడే ఒరుగుతుంది, పక్క పోగుల్ని ఒరగదోస్తుంది. అంగుళాల మందంలో ముడత లేకుండా పొరలు చుట్టడం చాలా కష్టం. టైటాన్ గొట్టాన్ని ఒక్కొక్కటీ సుమారు అంగుళం మందమున్న ఐదు పొరలుగా చుట్టి, ఒక్కోదాన్ని విడిగా కాల్చి, ఒకదాని మీద ఒకటి అంటించారు. అమెరికా రవాణా భద్రతా బోర్డు పరిశోధకులు ఆ మెటీరియల్ ముక్కల్లో ముడతలు, బుడగలు, అతుకు లోపాలు చూశారు. ఏ సర్టిఫికేషన్ సంస్థా దానికి ఆమోదముద్ర వేయలేదు. గొట్టానికి సరైన పరీక్షలు చేయాలని 2018లోనే అడిగిన సొంత ఉద్యోగి డేవిడ్ లోక్‌రిడ్జ్‌ని పనిలోంచి తీసేశారు.

నేను సీఎస్ఈ అని చెప్పి ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడికొచ్చాం.

పరీక్షలు చేయకపోయినా ఫర్వాలేదని ఓషన్‌గేట్ కంపెనీ అనుకోవడానికి ఒక కారణం సెన్సర్లు, సాఫ్ట్‌వేర్. గొట్టం నిండా శబ్దాన్ని పట్టే సెన్సర్లూ సాగుడుని కొలిచే గేజ్‌లూ పెట్టారు. పోగులు తెగితే చిటపట శబ్దం వస్తుంది, సిస్టమ్ పసిగడుతుంది, ప్రమాదానికి ముందే మనం పైకి వచ్చేయొచ్చు అన్నది వాళ్ల ధీమా. రియల్ టైమ్ మానిటరింగ్. మన హ్యాకథాన్ పోస్టర్ మీద రాసుకునే మాటే. సెన్సర్లు పనిచేయలేదా అంటే, పనిచేశాయి! 2022 జులైలో 80వ డైవ్ నుంచి పైకి వస్తుండగా పెద్ద చప్పుడు వినపడింది. ఆ తర్వాతి డైవ్‌లలో స్ట్రెయిన్ గేజ్‌ల రీడింగులు మునుపటిలా లేవు. పొరలు విడిపోయాయన్న కబురు ఆ డేటాలో ఉంది. చదివి అర్థం చేసుకుని 'ఆపండి' అనగలిగినవాళ్లు ఆ గదిలో లేరు. అమెరికా కోస్ట్ గార్డ్ 2025 ఆగస్టు నివేదికలో ఈ ప్రమాదం నివారించదగినదే అని తేల్చింది.

ఆ డ్యాష్‌బోర్డు రాసేది రేపు మనమే. మన క్లాసులోనే మినీ ప్రాజెక్టు కింద 'కాంపోజిట్ లోపాల్ని సీఎన్ఎన్‌తో గుర్తించుట' చేసిన బ్యాచులున్నాయి. నెట్‌లో డేటాసెట్ దొరుకుతుంది, అల్ట్రాసౌండ్ స్కాన్ బొమ్మలు, ప్రతి బొమ్మకీ 'లోపం ఉంది', 'లేదు' అని లేబులు. అక్యురసీ బాగా వస్తుంది, వైవాలో మార్కులూ వస్తాయి. ఆ లేబులు ఎవరు వేశారు, ఏ పొరలో ఎంత విడిపోతే 'లోపం' అన్నారు, ఆ భాగం మీద నొక్కుడు పడుతుందా లాగుడా, ఇవి అడిగే ఎక్స్‌టర్నల్‌ని నేనింతవరకు చూడలేదు. ఒకే సైజు బుడగ లాగుడు పడే రాడ్డులో పెద్ద విషయం కాకపోవచ్చు, సముద్రపు లోతులో ఐదు ప్రాణాలు తీయొచ్చు. మోడల్‌కి ఆ తేడా తెలియదు, బొమ్మలో అది ఉండదు కాబట్టి.

తెలుగు రాష్ట్రాల్లో ఏటా సీట్లు సీఎస్ఈ వైపు మళ్లుతున్నాయి, మెకానికల్, సివిల్ సెక్షన్లు చిక్కిపోతున్నాయి. నేనూ ఆ గుంపులోవాణ్నే, సీటు వదులుకుని త్యాగం చేయమని ఎవరికీ చెప్పను. కానీ దీని ఫలితం ఒకటుంది. వస్తువుని చేత్తో పట్టుకోని వాళ్లు వస్తువు గురించి నిర్ణయాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఆ వస్తువు స్టీల్ అయితే కొంత నయం. స్టీల్ వంగుతుంది, సాగుతుంది, 'నేను పోతున్నాను' అని ముందే చెప్తుంది. కార్బన్ ఫైబర్ పైకి మెరుస్తూనే లోపల విడిపోతుంది. చేతిలోంచి జారిన స్పానర్ పడితే పైన గీతైనా కనిపించకపోవచ్చు, లోపల మూడు పొరలు ఊడి ఉండొచ్చు.

అసలు చేతిపని అని తీసిపారేసే భాగం గురించి రెండు ముక్కలు. విమానం రెక్కలకీ బాడీకీ ఇప్పుడు మెషిన్లే టేపు పరుస్తాయి, నిజమే. కానీ రేసు కారు భాగాల్లాంటి వంపులున్న వాటికి ఇప్పటికీ మనుషులే. రెసిన్ పట్టించిన బట్టని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచుతారు. బయటికి తీశాక దానికి గంటల లెక్క మొదలవుతుంది, మన ఫ్రిజ్‌లోంచి తీసిన దోసెపిండి లాగ. కొలత ప్రకారం కత్తిరించాలి, అచ్చులో పరవాలి, దిశ ఒక్క డిగ్రీ తప్పకుండా చూసుకోవాలి, మూలల్లో ముడత పడకుండా వేళ్లతో నొక్కుకుంటూ పోవాలి. తర్వాత ప్లాస్టిక్ సంచి కట్టి గాలి లాగేసి, ఆటోక్లేవ్‌లో పెట్టి ఒత్తిడితో ఉడికిస్తారు. ఆటోక్లేవ్ అంటే గదంత ప్రెషర్ కుక్కర్ అనుకోండి. ఆ వేళ్లు నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. మన రెజ్యూమేల్లో ఆ నైపుణ్యానికి ఒక గడి కూడా లేదు.

ఇంతా చెప్పి కార్బన్ ఫైబర్‌కి వ్యతిరేకం అనుకునేరు, అస్సలు కాదు. బరువు ఎవరు మోస్తున్నారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టిన చోటల్లా ఇది అద్భుతం చేసింది. దానికి దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. అగ్ని క్షిపణి కోసం కలాం గారి బృందం చాలా తేలికైన కార్బన్ కార్బన్ పదార్థం తయారుచేసింది. నిమ్స్ నుంచి వచ్చిన ఎముకల డాక్టరు ఒకాయన ల్యాబులో ఆ ముక్కని చేత్తో ఎత్తి చూసి, ఆశ్చర్యపోయి, కలాం గారిని తన ఆస్పత్రికి తీసుకెళ్లాడట. అక్కడ పిల్లలు ఒక్కోటి మూడు కిలోలకి పైగా ఉన్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు చేసిచ్చామని ఆయనే చాలా సభల్లో చెప్పేవారు. ఈ కథని మనం స్ఫూర్తిదాయక ప్రసంగంగా విని వదిలేస్తాం. నాకు అందులో ఇంజనీరింగ్ కనిపిస్తుంది. క్షిపణి తలకి అవసరమైంది వేడి తట్టుకోవడం, పిల్లాడి కాలికి అవసరమైంది తేలికదనం. రెండు ప్రశ్నలూ వేరని గమనించినవాడు డాక్టరు, ఇంజనీరు కాదు.

అదే సమయంలో జైపూర్ పాదం కూడా గుర్తుపెట్టుకోవాలి. 1960ల చివర్లో పుట్టిన ఆ కృత్రిమ పాదం రబ్బరు, చెక్కలతో చేసింది. దాంతో పొలంలో ఉత్త కాళ్లతో నడవొచ్చు, గొంతుకూర్చోవచ్చు, ఊరి దగ్గరే బాగుచేయించుకోవచ్చు. పరుగుపందేల్లో కనిపించే కార్బన్ ఫైబర్ బ్లేడు కాలు స్ప్రింగులా తన్ని ముందుకి తోస్తుంది, ట్రాక్ మీద దానికి సాటి లేదు. బురదపొలంలో మాత్రం నేను జైపూర్ పాదానికే ఓటేస్తాను. ఏది 'అడ్వాన్స్‌డ్' అన్నది ఎవరి కాలు, ఎక్కడి నేల అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రాకెట్‌లో అయితే తగ్గించిన ప్రతి కిలోకీ విలువుంది. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్ మన హైదరాబాద్ స్కైరూట్ వాళ్లది, దాని నిర్మాణం కార్బన్ కాంపోజిట్. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు, 89.5 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లింది. అక్కడ ఈ ఖర్చు పెట్టడంలో ఒక లెక్క ఉంది. స్టూడెంట్ రేసు కారు బానెట్ మీద, ఏ భారమూ మోయని చోట, గ్లాస్ ఫైబర్ మీద ఒక్క పొర కార్బన్ వేసి స్పాన్సర్ డబ్బు తగలేయడంలో లెక్క ఏమిటో నాకు ఎవరూ చెప్పలేదు. లుక్ కోసం అని ఒప్పుకుంటే సరే, డిజైన్ రిపోర్టులో 'బలం కోసం' అని రాయకండి.

పర్యావరణం సంగతి కూడా స్లైడుల్లో ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మతో ముగుస్తుంది. కారు తేలికైతే ఇంధనం మిగులుతుంది, నిజం. ఆ కొలిమిలు తాగే కరెంటు మాటేమిటి? బీఎండబ్ల్యూ ఐ3 కారుకి ఫైబర్ తయారుచేసిన ఫ్యాక్టరీని అమెరికాలో జలవిద్యుత్ చవగ్గా దొరికే మోజెస్ లేక్‌లో పెట్టింది ఇందుకే. పైగా ఎపాక్సీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. స్టీల్ ముక్క పాత ఇనుప సామాన్లవాడి బండెక్కి మళ్లీ స్టీల్ అవుతుంది. దీన్ని కాల్చి పోగుల్ని వెనక్కి తీయొచ్చు కానీ అవి పొట్టిగా, చిందరవందరగా వస్తాయి. దిశే ప్రాణమైన పదార్థానికి దిశ పోయాక మిగిలేది తక్కువ.

ఒక అడుగు ముందుకి వేసి ఒక ప్రతిపాదన పెడుతున్నాను, డిపార్ట్‌మెంట్లు తిట్టుకున్నా సరే. మెషిన్ లెర్నింగ్ ల్యాబులో ఒక్క వారం మాకు వదిలేయండి. ఆ వారం సీఎస్ఈ వాళ్లం మెకానికల్ వర్క్‌షాపులో కూర్చుని అరచేతంత పలక ఒకటి చేత్తో పరుస్తాం. కార్బన్ బట్ట ఖరీదనుకుంటే గ్లాస్ ఫైబర్‌తో అయినా సరే, పాఠం అదే. గ్లోవ్స్, మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరికీ మంచిది కాదు, కార్బన్‌దైతే కరెంటు కూడా ప్రవహిస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లు దూరంగా ఉంచాలి. ఒక బ్యాచ్ పలకల్లో పొరల మధ్య కావాలని చిన్న ప్లాస్టిక్ ముక్క దాచాలి. ఆరాక ఎవరి దాంట్లో దాచారో చెప్పకుండా కలిపేయాలి.

విమానాల వర్క్‌షాపుల్లో ఇలాంటి పొర విడిపోవడాన్ని వెతకడానికి ఇప్పటికీ చేసే మొదటి పని, నాణెంతో తట్టి వినడం. కాయిన్ ట్యాప్ టెస్ట్ అనే పేరుంది దానికి. బాగున్న చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట బొద్దుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేముందు వేలి కణుపుతో కొట్టి చూసే మన ముసలమ్మలకి ఈ పరీక్ష ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ వారం చివర్లో ప్రతి ఒక్కరూ ఒక రూపాయి బిళ్ల తీసుకుని ఇరవై పలకలు తట్టి, చెవితో విని, లేబులు వాళ్లే వేయాలి. తర్వాతే ఆ శబ్దాల్ని రికార్డు చేసి మోడల్‌కి ఇద్దాం. అక్యురసీ ఎంత వచ్చినా ఫర్వాలేదు, ఏ పలక ఎందుకు తప్పిందో వైవాలో చెప్పగలిగితే చాలు.